అగ్నికొండ కింద ఒకే ఒక్క ఊరు

విమానం దిగదు. ఏడాదికి పట్టుమని పది ఓడలు వస్తే గొప్ప. పక్క ఊరికి పోవాలంటే రెండువేల నాలుగొందల కిలోమీటర్ల సముద్రం దాటాలి. ఇళ్ళ వెనకే అగ్నిపర్వతం. అది ఒకసారి బద్దలైతే ఊరు ఊరంతా ఖాళీచేసి ఇంగ్లండు వెళ్ళిపోయారు. అక్కడ టీవీలు, బస్సులు, నెలనెలా జీతాలు... అన్నీ చూశారు. రెండేళ్ళకే మూటాముల్లె సర్దుకుని మళ్ళీ ఆ కొండ కిందికే వచ్చేశారు! ఎందుకు?

మదనపల్లె నుంచి కాశ్మీరులోని శ్రీనగర్ దాకా ఆకాశంలో ఒక గీత గీశామనుకోండి. దాదాపు 2,300 కిలోమీటర్లు ఉంటుంది. ఆ దారిపొడవునా ఎన్ని ఊళ్ళు, ఎన్ని కోట్ల జనం! ఇప్పుడు ఆ ఊళ్ళన్నీ చెరిపేసి, అంత మేరా సముద్రం నింపేయండి. ఒక చివర మీ ఊరు, రెండో చివర పక్క ఊరు. మధ్యలో నీళ్ళు తప్ప మరేమీ లేదు. ట్రిస్టన్ డ కున్హా దీవిలో ఉండేవాళ్ళ పరిస్థితి సరిగ్గా అదే. వాళ్ళకు అతి దగ్గరలో మనుషులుండే చోటు సెయింట్ హెలెనా దీవి. అదీ 2,400 కిలోమీటర్ల పైనే. ఇక పెద్ద ఊరు చూడాలంటే దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కే పోవాలి. దాదాపు 2,800 కిలోమీటర్లు. మనుషులు స్థిరంగా ఉంటున్న దీవుల్లో ప్రపంచం మొత్తమ్మీద ఇంతకంటే ఒంటరిది లేదంటారు.

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రం నడిమధ్యన నిలబడిన అగ్నిపర్వతం ఇది. దీవి అంటే కొండ, కొండ అంటే దీవి. సముద్రం అడుగునుంచి లేచిన ఆ కొండ నీటిపైన 2,060 మీటర్లకు పైగా కనిపిస్తుంది. మన హార్స్‌లీ హిల్స్ ఎత్తు 1,265 మీటర్లు. దానిమీద ఇంకో అరకొండ పైగా పెట్టినట్టన్నమాట. శిఖరం పేరు క్వీన్ మేరీస్ పీక్. చలికాలం వస్తే మంచు కప్పేస్తుంది. పైన బిలంలో హృదయం ఆకారంలో ఒక చిన్న చెరువు. దీవి వైశాల్యం వంద చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. చుట్టూ వందల మీటర్ల ఎత్తున నిట్టనిలువు రాతిగోడలు. మనుషులు నిలవగలిగిన చదును వాయవ్య మూలన కొండకూ కడలికీ మధ్య ఉన్న సన్నని పట్టీ ఒక్కటే. అక్కడే ఉంది ఊరు. పేరు ఎడిన్‌బర్గ్ ఆఫ్ ద సెవెన్ సీస్. అంటే ఏడు సముద్రాల ఎడిన్‌బర్గ్. 1867లో విక్టోరియా మహారాణి కొడుకు, ఎడిన్‌బర్గ్ డ్యూక్ ఆల్ఫ్రెడ్ ఈ దీవికి వచ్చాడు. ఆయన గౌరవార్థం పెట్టిన పేరది. అయితే ఆ ఊరివాళ్ళెవరూ అంత పొడుగు పేరు వాడరు. వాళ్ళకది ‘ద సెటిల్‌మెంట్’... ఉత్త ‘ఊరు’! వేరే ఊరంటూ ఉంటే కదా పేరు పెట్టి పిలవాల్సింది.

ముగ్గురితో మొదలు

ఈ దీవిని 1506లో మొదట చూసినవాడు పోర్చుగీసు నావికుడు ట్రిస్టావ్ డ కున్హా. విచిత్రమేమిటంటే, అప్పుడాయన బయల్దేరింది మన దేశానికే! ఇండియా దారిలో ఈ కొండ కనిపించింది. దిగడానికి వీల్లేక పేరు మాత్రం దానికి వదిలేసి ముందుకు సాగిపోయాడు. ఆ తర్వాత మూడొందల ఏళ్ళపాటు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువే.

మనుషులు నిలదొక్కుకోవడానికి ఒకరకంగా నెపోలియనే కారణం. ఓడిపోయిన ఆ చక్రవర్తిని బ్రిటిష్‌వాళ్ళు సెయింట్ హెలెనా దీవిలో బంధించారు. ఆయన్ని తప్పించేందుకు ఫ్రెంచివాళ్ళు ట్రిస్టన్‌ను స్థావరంగా వాడుకుంటారేమోనని భయపడి 1816లో అక్కడ సైనికుల్ని దించారు. ఏడాది తిరక్కుండానే ఆ భయం పోయింది. సైన్యాన్ని వెనక్కి పిలిచారు. ‘నేను రాను, ఇక్కడే ఉంటా’నన్నాడు ఒక కార్పొరల్. స్కాట్లండుకు చెందిన అతని పేరు విలియం గ్లాస్. భార్యాపిల్లలతో పాటు దిగిపోయాడు. శామ్యూల్ బర్నెల్, జాన్ నాన్‌కివెల్ అనే ఇద్దరు తాపీపనివాళ్ళు తోడు నిలిచారు.

1817 నవంబరు 7న ఆ ముగ్గురూ కూర్చుని ఒక కాగితం రాసుకున్నారు. పశువులు, సామాన్లు అందరివీ. లాభం వస్తే సమానంగా పంచుకోవాలి. ఖర్చయితే సమానంగా భరించాలి. ఎవరూ ఎవరికంటే ఎక్కువ కాదు. ఊళ్ళో పెద్దరికం చెలాయించడానికి వీల్లేదు. సారాంశం ఇదే. ఎవరో వకీలు రాసిన రాజ్యాంగం కాదది. ఒక సైనికుడూ, ఇద్దరు తాపీమేస్త్రీలూ కలిసి రాసుకున్న ఒప్పందం. రెండువందల ఏళ్ళు దాటినా ఆ ఊరు దాదాపు ఆ కాగితం మీదే నడుస్తోందంటే నమ్ముతారా?

పెళ్ళిళ్ళకు పడవ వచ్చింది

గ్లాసుకు కుటుంబం ఉంది. ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్ళూ, ఓడలు దిగి ఉండిపోయినవాళ్ళూ మాత్రం బ్రహ్మచారులు. సంబంధం చూడాలంటే చుట్టుపక్కల ఊళ్ళున్నాయా, పెళ్ళిళ్ళ పేరయ్య ఉన్నాడా? చివరికి అటుగా వెళ్తున్న ఓ ఓడ కెప్టెన్‌ను బతిమాలుకున్నారు... సెయింట్ హెలెనాలో ఇష్టపడ్డ ఆడవాళ్ళుంటే తీసుకురమ్మని. 1827లో నిజంగానే ఐదుగురు ఆడవాళ్ళను తీసుకొచ్చాడాయన. ఒడ్డున మొదట అడుగుపెట్టిన ఆవిడనే చేసుకుంటానని థామస్ స్వైన్ అనే ఆయన పంతం పట్టాడని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత ఒక డచ్చి నావికుడు, అమెరికా తిమింగలవేటగాళ్ళు వచ్చి కలిశారు. 1892లో ‘ఇటాలియా’ అనే ఓడ పగిలితే అందులో బతికినవాళ్ళలో ఇద్దరు అక్కడే ఉండిపోయారు. రెపెట్టో, లవరెల్లో వాళ్ళ పేర్లు. ఇద్దరిదీ ఇటలీలోని కమోలీ పట్టణం. అలా ఊరికి ఏడు ఇంటిపేర్లు స్థిరపడ్డాయి: గ్లాస్, స్వైన్, గ్రీన్, రోజర్స్, హేగన్, రెపెట్టో, లవరెల్లో. ఇటీవలి కాలంలో పెళ్ళిళ్ళతో ఒకటి రెండు కొత్త పేర్లు చేరాయి గానీ, దాదాపు ఊరంతా ఈ ఏడింటివాళ్ళే. మన దగ్గర ఇంటిపేరు ఒకటైతే పెళ్ళి కుదరదంటాం. అక్కడ వరస కలపాలంటే ఎంత లెక్క వేయాలో ఆలోచించండి!

ఈ లెక్క వెనక ఒక కష్టమూ ఉంది. ఊళ్ళోవాళ్ళందరి మూలపురుషులూ, మూలస్త్రీలూ కలిపి పదిహేను మంది దాకానే. వాళ్ళలో ఒకరిద్దరికి ఉన్న ఉబ్బసం తరతరాలుగా దిగి, జనంలో పెద్ద భాగానికి అంటింది. ఆ జన్యువు ఆనవాలు దొరుకుతుందేమోనని కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు 1993లో ఓడెక్కి అక్కడిదాకా వెళ్ళారు. ఊరివాళ్ళు తమ రక్తపు నమూనాలు ఇచ్చారు. ఉబ్బసం మీద ప్రపంచంలో జరిగిన జన్యు పరిశోధనలో ఈ చిన్న ఊరికీ ఒక వాటా ఉంది.

ఉర్లగడ్డే రూపాయి

అగ్నిపర్వతపు మట్టిలో, ఆ చలిలో, ఆ ఈదురుగాలిలో వరి పండదు, గోధుమ నిలవదు. నిలిచింది ఒక్కటే... బంగాళాదుంప. మన వి.కోట, పలమనేరు వైపు రైతుల మాటలో చెప్పాలంటే ఉర్లగడ్డ. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో కాస్త చదును నేల ఉంది. ‘పొటాటో ప్యాచెస్’ అంటారు. గాలి కొట్టుకుపోకుండా లావా రాళ్ళతో మొలెత్తు గోడలు పేర్చుకుని, వాటి మధ్య చిన్నచిన్న మళ్ళు. ప్రతి కుటుంబానికీ తమ వంతు మళ్ళుంటాయి. నాటేటప్పుడూ తవ్వేటప్పుడూ చుట్టపక్కాలంతా కలిసి చేస్తారు. ఇవ్వాళ మీ మడి, రేపు మా మడి. మన పల్లెల్లో ఒకప్పటి బదుళ్ళ పని అదే కదా!

రెండో ప్రపంచయుద్ధం దాకా ఆ ఊళ్ళో డబ్బు చలామణీ దాదాపు లేదు. ఓడ వస్తే దుంపలూ మాంసమూ ఇచ్చి బట్టలో పిండో తీసుకునేవాళ్ళు. యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళం అక్కడ రహస్యంగా ఒక వైర్‌లెస్ కేంద్రం పెట్టింది. దాంతో కూలీ, డబ్బు, దుకాణం అలవాటయ్యాయి. 1946లో తమకూ ఒక తపాలా బిళ్ళ కావాలని ఊరివాళ్ళు నమూనా తయారుచేసుకున్నారు. దానిమీద ధర రెండు రకాలుగా ఉంది. ఒక పెన్నీ లేదా నాలుగు బంగాళాదుంపలు! అధికారికంగా ఆ బిళ్ళ చెల్లలేదు గానీ ప్రపంచంలోని స్టాంపుల సేకరణదారులకు మాత్రం అదిప్పుడు అపురూపం.

సముద్రం తీసుకెళ్ళింది

ఆ ఊళ్ళో ఓడంటే ప్రాణం. ఓడంటేనే ప్రాణగండం కూడా. పంట దెబ్బతిని కష్టంగా ఉన్న 1885లో నవంబరు 28న దూరంగా ‘వెస్ట్ రైడింగ్’ అనే ఓడ కనిపించింది. దుంపలకూ మాంసానికీ బదులు సరుకులు దొరుకుతాయన్న ఆశతో పదిహేను మంది మగవాళ్ళు పడవ వేసుకుని ఎదురెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు. అప్పటికి ఊరి జనాభా వందకు అటూఇటూ. పనిచేయగల మగవాళ్ళలో ఎక్కువమంది ఒక్క పూటలో మాయమయ్యారు. కొన్నాళ్ళపాటు దాన్ని ‘విధవల దీవి’ అన్నారు. ఊరు ఖాళీ చేసి రమ్మని బయటినుంచి కబుర్లు వచ్చాయి. కొందరు వెళ్ళారు. మిగిలినవాళ్ళు దుంపలు నాటుకున్నారు.

ఆ రాత్రి కొండ చీలింది

అప్పటిదాకా వాళ్ళకు తెలిసిన గండం సముద్రమే. వెనకనున్న కొండ నిద్రపోతోందనే అనుకున్నారు. 1961 ఆగస్టులో నేల కంపించడం మొదలైంది. రోజులు గడిచేకొద్దీ ఎక్కువైంది. తలుపులు బిగుసుకుపోయాయి. గోడలు నెర్రెలిచ్చాయి. అక్టోబరు 9న ఊరి తూర్పు చివర ఇళ్ళకు కేవలం కొన్ని వందల మీటర్ల దూరంలో నేల ఉబ్బి చీలింది. చూస్తుండగానే ఆ ఉబ్బు గుట్టయింది. ఆ రాత్రి ఊరంతా దుంపతోటల దగ్గర చలిలో గడిపింది. మర్నాడు చేపలపడవల్లో దగ్గరున్న నైటింగేల్ అనే నిర్జన దీవికి చేరారు. 264 మంది. చంకలో పిల్లలు, చేతిలో ఒక మూట. కుక్కల్నీ పశువుల్నీ వదిలేశారు.

అక్కణ్ణుంచి ఒక డచ్చి ఓడ వాళ్ళను కేప్‌టౌన్‌కు, మరో ఓడ ఇంగ్లండుకు చేర్చింది. నవంబరు 3న సౌతాంప్టన్ రేవులో దిగినప్పుడు పత్రికలవాళ్ళు, కెమెరాలు ఎగబడ్డాయి. రైలు, మేడమెట్లు, ట్రాఫిక్ లైట్లు చాలామందికి అదే మొదటిసారి. తొలుత సర్రేలో ఒక పాత సైనిక శిబిరంలో ఉంచారు. తర్వాత సౌతాంప్టన్ దగ్గర కాల్షాట్‌లో వాయుసేన ఖాళీచేసిన ఇళ్ళిచ్చారు. ఉద్యోగాలు చూపించారు. పిల్లల్ని బడిలో వేశారు. ప్రభుత్వం చేయాల్సినదంతా చేసింది. ఇక ఈ జనం ఇక్కడే కలిసిపోతారని అధికారులు అనుకున్నారు.

టీవీ ఉంది, తోడు లేదు

కానీ దీవివాళ్ళకు ఆ ఇంగ్లండు పడలేదు. మొదటి దెబ్బ ఒంటికి తగిలింది. వేరేవాళ్ళకు మామూలు జలుబు వీళ్ళకు న్యుమోనియా అయింది. తరాలపాటు లోకానికి దూరంగా ఉన్న శరీరాలవి. ఆ చలికాలంలో కొందరు పెద్దవాళ్ళు చనిపోయారు. రెండో దెబ్బ మనసుకు. తలుపులకు తాళాలెందుకో వాళ్ళకు తెలీదు. వీధిలో ఎదురైన మనిషి పలకరించకుండా వెళ్ళిపోవడం తెలీదు. వాళ్ళలో ఒకతన్ని రోడ్డుమీద కొట్టి దోచుకున్నారు. అలాంటిది తమ ఊళ్ళో విననైనా వినలేదు వాళ్ళు. గడియారం చూసుకుని పనికెళ్ళడం, ఎవరి జీతం వారిది, ఎవరి తలుపు వారిది... ఇదంతా వింతగా తోచింది.

ఈలోగా 1962 మొదట్లో రాయల్ సొసైటీ శాస్త్రవేత్తలు దీవికెళ్ళి చూసొచ్చారు. లావా ఊరి పక్కనుంచి సముద్రంలోకి జారిపోయింది. చేపల కార్ఖానా, పడవలు దిగే ఒడ్డు లావా కింద పోయాయి. అయితే ఇళ్ళు దాదాపు అన్నీ నిలిచే ఉన్నాయి! ఆ మాట వినగానే మనుషులు కాలుగాలిన పిల్లులయ్యారు. పంపేయమని అడగడం మొదలుపెట్టారు. వాళ్ళ పెద్ద విల్లీ రెపెట్టో ముందు నిలిచాడు. అధికారులు నసిగారు. కొండ మళ్ళీ పేలితే? రేవే లేదుగా? పనేముంది?

చివరికి 1962 డిసెంబరులో పెద్దవాళ్ళందరి చేతా రహస్య ఓటు వేయించారు. వెళ్తామన్నవాళ్ళు 148. ఉంటామన్నవాళ్ళు 5.

అంతే! ఇక ఎవరూ ఆపలేకపోయారు. 1963లో విడతలుగా వెళ్ళారు. పెద్ద బృందం నవంబరు 10న ఊళ్ళో దిగింది. కుక్కలు అడివిపాలై గొర్రెల్ని తినేశాయి. తోటలు పిచ్చిమొక్కలతో నిండిపోయాయి. మూలన కొత్తగుట్ట ఇంకా ఆవిర్లు కక్కుతోంది. వాళ్ళు చీపుళ్ళు, పారలు పట్టుకున్నారు. ఆ తర్వాతి ఏళ్ళలో కొన్ని కుటుంబాలు మనసు మార్చుకుని మళ్ళీ ఇంగ్లండు వెళ్ళాయి. వాటిలోనూ కొన్ని మళ్ళీ తిరిగొచ్చాయి. లావా మింగిన ఒడ్డుకు బదులు 1967లో కొత్తగా చిన్న రేవు కట్టుకున్నారు. దానికి పెట్టుకున్న పేరు కాల్షాట్! ఇంగ్లండు నచ్చకపోయినా, కష్టకాలంలో నీడనిచ్చిన చోటును మాత్రం మర్చిపోలేదన్నమాట.

గంట మోగితే సముద్రానికి

ఇప్పుడెలా ఉంది ఆ ఊరు? కరెంటు ఉంది. బడి ఉంది. 2017లో కొత్త ఆసుపత్రి వచ్చింది. దానికి రెపెట్టో, లవరెల్లోల సొంత పట్టణం కమోలీ పేరే పెట్టారు. దుకాణం, చర్చిలు, ఒక ఈతకొలను, ‘ఆల్బట్రాస్’ అని ఒక బారు ఉన్నాయి. ఉపగ్రహం ద్వారా టీవీ, ఇంటర్నెట్ వచ్చాయి. 2005లో బ్రిటన్ తపాలా శాఖ పిన్‌కోడ్ లాంటిది ఇచ్చింది. అంతకుముందు ఇంటర్నెట్‌లో ఏదైనా కొందామంటే కోడ్ లేదని వెబ్‌సైట్లు ఒప్పుకునేవి కావు మరి. కొన్నాక అది ఇంటికి చేరేసరికి నెలలు పట్టొచ్చు, అది వేరే సంగతి.

కేప్‌టౌన్ నుంచి ఓడలో వారం, ఒక్కోసారి పది రోజులు. చేరాక కూడా దిగడం గ్యారంటీ కాదు. అలలు ఎక్కువుంటే చిన్న రేవులోకి పడవ రాలేదు. ఊరు కళ్ళెదుట కనిపిస్తున్నా ఓడలోనే రోజుల తరబడి కాచుకోవాలి. అపెండిసైటిస్ వస్తే ఉన్న డాక్టరే దిక్కు. పెద్ద జబ్బయితే ఓడ కోసం ఎదురుచూసి కేప్‌టౌన్ వెళ్ళాలి. గాలి మాట చెప్పక్కర్లేదు. 2001 మేలో వచ్చిన తుఫాను ఇళ్ళ పైకప్పులు లేపేసింది. వాన మన ప్రాంతంలో కురిసేదానికి దాదాపు రెట్టింపు.

ఊరికి బతుకుతెరువు ఒక్కటే. ‘ట్రిస్టన్ రాక్ లాబ్‌స్టర్’. పెద్ద రొయ్యలా ఉండే ఈ జీవి అమెరికా, జపాన్, ఐరోపాల్లో ఖరీదైన వంటకం. సముద్రం అనువుగా ఉన్న రోజున తెల్లవారుతూనే ఊళ్ళో ఒక గంట మోగుతుంది. గంటంటే గంట కాదు, వేలాడదీసిన పాత గ్యాసు సిలిండరు. దాన్ని సుత్తితో కొడతారు. అంతే... ఆఫీసు గుమాస్తా, వడ్రంగి, మెకానిక్ అందరూ సొంత పనులు వదిలి పడవలెక్కుతారు. సాయంత్రానికి ఆడవాళ్ళూ మగవాళ్ళూ కార్ఖానాలో చేరి సరుకు శుభ్రంచేసి గడ్డకట్టిస్తారు. 2008లో ఆ కార్ఖానా కాలిపోయింది. కరెంటు జనరేటర్లూ అందులోనే ఉండటంతో ఊరంతా చీకటైంది. మరుసటేడాదికల్లా కొత్తది నిలబెట్టుకున్నారు. ఏ ఏడు ఎన్ని పట్టాలో ముందే లెక్క ఉంటుంది. ఆ లెక్క దాటరు. పరిమితి తప్పితే రేపు తమ పిల్లలకే ఉండవని వాళ్ళకు తెలుసు.

భూమి మీద ఎవరికీ సొంత హక్కు లేదు. అంతా ఉమ్మడి. బయటివాళ్ళు వెళ్ళి స్థలం కొనుక్కుని స్థిరపడటం కుదరదు. ఇంకో నియమం వింటే పుంగనూరువాళ్ళకు ఆసక్తిగా ఉంటుంది. ఆవు విలువ వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు కదా! ఒక్కో కుటుంబం ఎన్ని ఆవులు, ఎన్ని గొర్రెలు పెంచుకోవాలో అక్కడ ఊరే నిర్ణయిస్తుంది. ఉన్న కాస్త పచ్చిక అందరికీ చాలాలని ఒక కారణం. ఒకరే మోతుబరి కాకూడదని రెండో కారణం. 1817 నాటి కాగితం గుర్తొచ్చిందా?

పెంగ్విన్లకు ఊరంతా...

2011 మార్చి 16న బ్రెజిల్ నుంచి సోయా గింజలతో సింగపూర్ వెళ్తున్న ‘ఒలీవా’ అనే పెద్ద ఓడ నైటింగేల్ దీవి రాళ్ళకు గుద్దుకుని ముక్కలైంది. అందులోని 22 మంది సిబ్బందినీ కాపాడారు. నూనె సముద్రంలో పరుచుకుంది. అది రాక్‌హాపర్ పెంగ్విన్లు ఉండే చోటు. ఆ జాతి ప్రపంచంలో ఎక్కువగా ఉన్నదే ఆ చుట్టుపక్కల దీవుల్లో. నూనె పూసుకుని చలికి వణుకుతున్న పక్షుల్ని ఊరివాళ్ళు పడవల్లో సెటిల్‌మెంట్‌కు మోసుకొచ్చారు. దాదాపు 3,700 పెంగ్విన్లు! ఊరి జనాభాకు పదింతలు దాటిన అతిథులు. షెడ్లు ఖాళీచేసి, ఈతకొలనులో నీళ్ళు తీసేసి వాటికిచ్చారు. ఇళ్ళలో ఫ్రీజర్లలో ఉన్న చేపల్ని తెచ్చి తినిపించారు. చాలా పక్షులు చనిపోయాయి. బతికినవాటిని తిరిగి సముద్రంలో వదిలారు.

2020 నవంబరులో ఆ ఊరు మరో నిర్ణయం తీసుకుంది. తమ దీవుల చుట్టూ 6.87 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు రెట్ల పైనే! తమ లాబ్‌స్టర్ వేటకు దీవుల దగ్గర కొంత మేర ఉంచుకుని, మిగిలినచోట చేపలు పట్టడం, గనులు తవ్వడం నిషేధించారు. రెండొందల పైచిలుకు జనమున్న ఊరు తన బతుకుతెరువైన సముద్రానికే కంచె వేసింది.

లోపలినుంచి వచ్చే గండం

ఇంత చదివాక ‘ఆహా, ఎంత హాయి!’ అనిపించవచ్చు. అయితే ఇప్పుడా ఊరికి అగ్నిపర్వతం కంటే పెద్ద ప్రశ్న ఒకటి ఎదురైంది. జనం తగ్గిపోతున్నారు. 1961లో 264 మంది ఉన్న ఊళ్ళో ఇప్పుడు అంతకన్నా తక్కువే. వాళ్ళలో పెద్దవయసువాళ్ళు ఎక్కువ. బడిలో పిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. పై చదువుకు బ్రిటన్‌కో, సెయింట్ హెలెనాకో పోవాలి. వెళ్ళినవాళ్ళలో కొందరు అక్కడే ఉద్యోగం, పెళ్ళి చూసుకుంటున్నారు. పడవ నడిపే చేతులు తగ్గితే లాబ్‌స్టర్ పట్టేదెవరు? ఆ ఒక్క ఆదాయం తగ్గితే డాక్టర్ని, టీచర్ని నిలుపుకోవడం ఎలా?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. తెల్లవారుజామున కుప్పం స్టేషన్లో నిలబడి చూడండి. బెంగళూరు రైళ్ళకోసం క్యారియర్లు చేతబట్టుకుని ఎంతమంది ఎదురుచూస్తుంటారో! మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో కువైట్ కబురు తెలియని వీధి అరుదు. మన ఊళ్ళ వెనక అగ్నికొండ లేదు, ముందు మహాసముద్రం లేదు. అయినా ఇళ్ళకు తాళాలు పడుతున్నాయి. వానల్లేక, బోర్లెండి, టమోటా ధర పడిపోయి మనవాళ్ళు వెళ్తున్నారు. వెళ్ళినవాళ్ళను తప్పుపట్టలేం. కడుపు నింపుకోవడానికి వెళ్ళేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

ట్రిస్టన్ కథలో గమనించాల్సింది వాళ్ళు ఊరు వదిలి వెళ్ళకపోవడం కాదు. వెళ్ళారు, బయటి లోకాన్ని చూశారు, దాన్ని తమ ఊరితో పోల్చుకున్నారు. ఆ తూకంలో లావా, తుఫాను, ఉబ్బసం, దూరం అన్నీ ఒకవైపు పెట్టారు. రెండోవైపు పెట్టింది చాలా తక్కువ. ఒంట్లో బాగోకపోతే మడి తవ్విపెట్టే పొరుగువాడు. గంట మోగితే ఒకేసారి కదిలే పడవలు. ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కర్లేని బతుకు. తక్కెడ ఎటు మొగ్గిందో ఆ ఓటు లెక్కే చెప్పింది.

ఊరిలో మనుషుల్ని నిలిపేది ఏమిటని ఎవరైనా అడిగితే రోడ్డు, నీళ్ళు, ఉద్యోగం అంటాం. నిజమే, అవి కావాల్సిందే. అవి వచ్చాక కూడా ఇంకేదో కావాలని 148 మంది ఒక చలికాలంలో చీటీల మీద రాసిచ్చారు.

ముచ్చటగా మరికొన్ని...

* ఊరినుంచి దుంపతోటలకు వెళ్ళే ఏకైక రోడ్డును సరదాగా బ్రిటన్‌లోని పెద్ద హైవే పేరుతో ‘ఎం1’ అంటారు. ఆ దారిలో పెద్దవాళ్ళ కోసం ఒక బస్సు నడుస్తుంది.

* 1880లలో పగిలిన ఓ ఓడనుంచి ఎలుకలు దీవిలోకి వచ్చాయి. దుంపల్ని కొరికే వాటిమీద కోపంతో ఏడాదికోసారి ‘ఎలుకల వేట దినం’ జరుపుకుంటారు. కుక్కలతో కలిసి జట్లుజట్లుగా వేటాడి, ఎవరు ఎక్కువ పట్టారో తేల్చి బహుమతులిస్తారు. ఆ రోజు ఊరికి సెలవు!

* ఏడాది చివరి రాత్రి కుర్రాళ్ళు భయంకరమైన ముసుగులు వేసుకుని ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బెదరగొడతారు. వాళ్ళను ‘ఒకలోలీస్’ అంటారు.

* అక్కడ హోటళ్ళు లేవు. వెళ్ళాలనుకుంటే ముందు ఊరి కౌన్సిల్ అనుమతి కావాలి. దొరికితే ఎవరో ఒకరి ఇంట్లోనో, వాళ్ళు అద్దెకిచ్చే ఇంట్లోనో బస.

* భూగోళానికి దిగువ సగంలో ఉండటంతో కాలాలు తలకిందులు. మనం సంక్రాంతికి చలిమంట వేసుకునే వేళ వాళ్ళకు నడివేసవి. అయినా ఆ ఎండ మన మదనపల్లె చలికాలం పగటి ఎండను మించదు.